పాత కంప్యూటరుకు ప్రకృతి చికిత్స



మూడు వారాలుగా ఈ పుటలో కొత్త టపా కనిపించలేదు. ఇద్దరు ముగ్గురు మిత్రులు వేగులు పంపి నా ఆరోగ్యం ఎలా ఉన్నదని విచారించారు. వారికి కృతజ్ఞతలు. నా ఆరోగ్యానికి లోటేమీ లేదు. లోటు వచ్చినది నా కంప్యూటరుకు. 2008లో కొన్న ఆ యంత్రం ఇన్నేళ్ళు నాతో కాపురం చేసి, ఒక సాయంకాలం కరెంటు పోయి వచ్చిన తరువాత మరి కన్ను తెరవలేదు. బాగుచేసే కుర్రవాడు మూత విప్పి చూసి, "దీని మదర్‌బోర్డు ఇప్పుడు దొరకదండి మాస్టారూ. దొరికినా మీరు డబ్బు పెట్టొద్దండి" అన్నాడు. పింఛను మీద బ్రతికేవానికి కొత్త యంత్రం మాట భారమే. అందుచేత పోయిన పాతదాని స్థానంలో మరొక పాతదానిని తెచ్చుకున్నాను. దానిని శుద్ధి చేసి నాదిగా చేసుకోబోయి, నేను నేర్చుకున్నది కొంత, పోగొట్టుకోబోయినది కొంత. ఆ కథే ఈ టపా.

మా వీధి మలుపులో ఒక డి.టి.పి. దుకాణం ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, పాస్‌పోర్టు ఫొటోలు, జిరాక్సు కాపీలు, దరఖాస్తులు. వీధికి కావలసిన కాగితమంతా అక్కడే పుట్టేది. యజమానికి నేను పాఠం చెప్పలేదు గాని, అందరిలాగే అతడూ నన్ను మాస్టారూ అనే పిలుస్తాడు. కళ్ళు మునుపటిలా ఆనడం లేదనీ, పిల్లలు హైదరాబాదు వచ్చేయమంటున్నారనీ దుకాణం ఎత్తివేస్తున్నాడు. పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచితంగా అందే భద్రతా సవరణలు ఆగిపోయినవి. విండోస్ 11 ఏమో 2017కు ముందటి ప్రాసెసర్లను చాలావరకు పంక్తిలో కూర్చోనివ్వదు. అతని యంత్రం 2016 నాటిది. నిక్షేపంలా పనిచేస్తున్నా విలువ పోయినది. 8,000 రూపాయలకు నాకు ఇచ్చి, రిక్షాలో తానే తెచ్చి, మేడమీద గదిలో అమర్చి వెళ్ళాడు.

ఆ రాత్రి మీట నొక్కి చూద్దును గదా, తెర మీద నా వీధి అంతా ఉన్నది.

డి డ్రైవు తెరిస్తే పది పన్నెండేళ్ళ సంచయాలు బారులు తీరి ఉన్నవి. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు, శుభస్వీకారాలు, ఫొటోలు, ఆధారు కాపీలు, పట్టాదారు పుస్తకాలు, ఉద్యోగాల దరఖాస్తులు. పాల వ్యాపారి వేలిముద్ర ఉన్న కాగితం, ఎదురింటి వారి కోడలి పరీక్షా ధ్రువపత్రం, ఎవరిదో బ్యాంకు పుస్తకం మొదటి పేజీ. నేను ఆ క్షణాన పరుల ఇంటి పడకగదిలోనికి తలుపు తట్టకుండా వెళ్ళినవానివలె అయిపోయాను. చప్పున ఆపివేసి, ఉదయం దుకాణదారునికి ఫోను చేశాను.

"ఏమయ్యా, అందరి కాగితాలూ ఇందులోనే ఉన్నాయే!"

"ఉంటాయండి మాస్టారూ. ఫార్మాట్ కొట్టించెయ్యండి, పోతాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు అయిపోద్దండి."

ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు! తెలుగు పండితునికి ఒక కొత్త మాట దొరికితే దానికి తెలుగు చేయకుండా ఊరకుండడు. ఇది మా జాతి లక్షణం. కర్మాగార స్థితి అందామా? కర్మ, ఆగారం అని విడదీస్తే అపరకర్మలు చేసే చోటు స్ఫురిస్తున్నది. జన్మస్థితి? అది జాతకం భాష. చివరకు నా చేతిలో ముప్పై అయిదేళ్ళు నలిగిన మాటే ముందుకు వచ్చినది: ప్రకృతి. మన వ్యాకరణాలలో ప్రకృతి, వికృతి అని జంటలున్నవి గదా. విద్య ప్రకృతి, విద్దె వికృతి. ముఖము ప్రకృతి, మొగము వికృతి. జనం నోట నలగక ముందు ఉన్నది ప్రకృతి. నలిగిన తరువాత అయినది వికృతి. దుకాణం నుంచి వచ్చిన కంప్యూటరు వికృతి రూపంలో ఉన్నది, దానికి ప్రకృతి చికిత్స చేయాలి అనుకొని నాలో నేనే నవ్వుకున్నాను. నవ్వుకున్నానే గాని, తరగతిలో ఈ పాఠం చెప్పినప్పుడల్లా నేనే ఒక మాట చేర్చేవాడిని. యాత్ర ప్రకృతి, జాతర వికృతి. అయితే జాతరను వెనుకకు నడిపించి యాత్ర చేయలేము. జాతరలో డప్పులు, రంగులరాట్నం, జీళ్ళ దుకాణం చేరినవి. అవి యాత్రలో లేవు. వికృతి అంటే చెడిపోయినదని కాదు, జనం వాడుకున్నదని అర్థం.

మీట నొక్కే ముందు, చెరపడం అంటే అసలు ఏమి జరుగుతుందో తెలుసుకోవాలనిపించినది. బెంగుళూరులో ఉన్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోనులో ఓపికగా చెప్పాడు. వాడు చెప్పినది నా మాటలలో చెబుతాను. మామూలుగా ఒక దస్త్రాన్ని చెరిపినప్పుడు యంత్రం ఆ పుటలను చింపదు. గ్రంథం ముందున్న విషయసూచికలో ఆ అధ్యాయం పంక్తిని కొట్టివేసి, "ఈ పుటలు ఇక ఖాళీ, కావలసినవారు వ్రాసుకోవచ్చు" అని గుర్తు పెడుతుంది, అంతే. కొత్త వ్రాత వాటిపై పడేవరకు పాత వ్రాత అక్కడనే ఉంటుంది. ఆ సంగతి తెలిసినవాడు సూచికను లెక్కచేయకుండా పుటలు తిరగవేసి చదువుకోగలడు. త్వరగా అయ్యే ఫార్మాటు కూడా దాదాపు ఇటువంటిదే; కొత్త విషయసూచికను అతికించడం. ఇది తిరిగే పళ్ళెం ఉన్న హార్డ్ డిస్కుల మాట. కొత్త రకం ఎస్.ఎస్.డి.ల నడక వేరు.

వాడు చెబుతున్నంతసేపు నాకు మా పలక గుర్తుకు వచ్చినది. చిన్ననాడు చెక్కపలకకు బొగ్గూ దొండాకు పసరూ కలిపి రుద్ది, ఎండబెట్టి కొత్తది చేసుకునేవారము. నల్లగా నిగనిగలాడేది. కాని ఎండలో ఏటవాలుగా పట్టుకొని చూస్తే నిన్నటి గుణింతం లీలగా కనిపించేది. తాళపత్రం సంగతి ఇంకా కఠినం. గంటంతో గీరిన తరువాత మసి పూసి అక్షరాలను పైకి తెస్తారు. గీరినది గీరినట్టే. తప్పు పడితే లేఖకుడు కొట్టివేత గుర్తు పెట్టి ముందుకు పోవలసినదే గాని, ఆకును మళ్ళీ ఖాళీ ఆకుగా చేయలేడు. ఈ కంప్యూటరు తాళపత్రమూ కాదు, పలకా కాదు. చెరిగినట్టు కనిపిస్తుంది, చెరగదు.

"మరి నిజంగా చెరిగే మార్గం లేదా?" అని అడిగాను.

"ఉందండి మాస్టారూ. పాత వ్రాత మీద అడుగు వదలకుండా కొత్త గుర్తులు పోయిస్తాం. గంటలు పడుతుంది. ఆ తరవాత మామూలు ఉపాయాలతో వెనక్కి రాదు. అందుకని కావలసినవి ముందే తీసుకోండి" అన్నాడు.

ఆ చివరి వాక్యం దగ్గర నా చేయి ఆగినది. కారణం చెప్పాలంటే 1986కు వెళ్ళాలి.

కొవ్వూరు ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠంలో చదువు, ఆపైన పండిత శిక్షణ ముగించుకొని కోనసీమలో ఒక లంక గ్రామం ఉన్నత పాఠశాలలో చేరి అప్పటికి రెండేళ్ళయినది. ఆ ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను మా తరం వారెవరూ మరువరు. భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటినది. 16వ తేదీన ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారినది. మేమంతా ఏటిగట్టు మీద తలదాచుకున్నాము. నీరు తీసిన తరువాత పాఠశాలకు వెళ్ళి చూస్తే గదులన్నిటా మోకాలి లోతు వండ్రు. నల్లబల్ల మీద ఒక్క అక్షరం లేదు, గోడల మీద ఒక్క పటం లేదు. సృష్టి మొదటి రోజులా ఉన్నది. ఈనాటి మాటలో చెప్పాలంటే గోదావరి మా బడిని ఫ్యాక్టరీ స్థితికి తెచ్చినది.

బీరువా అడుగున ప్రవేశాల రిజిస్టరు దొరికినది. పుటలు ఒకదానికొకటి అతుక్కొని, సిరా కారి, పేర్లన్నీ ఒకే నీలి మరకగా మారినవి. వండ్రు పొలానికి బలమే. ఆ ఏటి తరువాత లంకలలో పంటలు విరగపండినవి. రిజిస్టరుకు మాత్రం బలం కాదు. ప్రధానోపాధ్యాయులు కొత్త పుస్తకం తెప్పించి, పండితుని చేతివ్రాత బాగుంటుందని నా ముందు పెట్టారు. వరండాలో బల్ల వేసుకొని కూర్చుంటే తల్లిదండ్రులు వరుసగా వచ్చి పిల్లల పేర్లు చెప్పేవారు. పేరు చెప్పగలిగారు, పుట్టిన తేదీ ఎవరికి తెలుసు? "జై ఆంధ్రా గొడవల్లో పుట్టాడండి", "అమలాపురంలో అల్లూరి సీతారామరాజు సినిమా ఆడతందండి, చూసొచ్చిన వారానికి నొప్పులొచ్చినియ్యండి" అని చెప్పేవారు. ఉద్యమమంటే 1972 చివర లేదా 1973. సినిమా అంటే 1974 వేసవి అని లెక్కగట్టి నేను తేదీలు వేశాను. ఆ తేదీలతోనే వారు ఉద్యోగాలలో చేరారు, పాస్‌పోర్టులు తీసుకున్నారు, మనుమలను ఎత్తుకుంటున్నారు. ఒక పుస్తకం తడిసిపోతే ఎందరి పుట్టుకలను నేను ఊహించి వ్రాయవలసి వచ్చినదో తలచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

కాబట్టి నిశ్శేషంగా చెరిపే అధికారం నా చేతికి వచ్చినప్పుడు వెంటనే వాడలేకపోయాను. ఉంచుకొనే హక్కు లేదు, అది నిశ్చయం. 2023లో మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చినది. చట్టం రాకపోయినా పరుల ఉత్తరం చదవరాదని మన పెద్దలు నేర్పలేదా? అయితే ఉంచుకొనే హక్కు లేకపోవడం వేరు, ఎవరినీ అడగకుండా తుడిచివేసే హక్కు ఉండడం వేరు. దుకాణదారునికి మళ్ళీ ఫోను చేసి, "ఒక్క పూట వచ్చి నా పక్కన కూర్చో నాయనా, నీవి నీకు అప్పగిస్తాను" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. మొదట విసుగుగానే కూర్చున్నాడు. మూడు సంచయాలు తెరిచేసరికి విసుగు పోయినది. "ఈ పెళ్ళి కార్డండి మాస్టారూ, మూడుసార్లు ముహూర్తం మార్చారండి." "ఈ ఫొటో తీయించుకున్నాయన కరోనాలో పోయాడండి." "ఈ అమ్మాయి దరఖాస్తు నేనే నింపానండి, ఇప్పుడు టీచరండి." ఆధారు కాపీలను, బ్యాంకు కాగితాలను తెరవకుండానే చెరపవలసిన వరుసలో ఉంచాము. అతని లెక్కలు, అతని పిల్లల ఫొటోలు, దుకాణం తెరచిననాటి బొమ్మలు ఒక పెన్‌డ్రైవులోనికి ఎక్కించాము. కరోనాలో పోయినాయన ఫొటోను మాత్రం వారి ఇంటికి తానే ఇచ్చి వస్తానన్నాడు.

ఇంతలో శుభస్వీకారాల సంచయం వచ్చినది. సంవత్సరాల వారీగా ఉన్నది. 2018 తెరిచి కిందికి జరుపుతూ జరుపుతూ అతని చేయి ఆగిపోయినది.

"అమ్మగారిదండి" అన్నాడు.

మూడు దస్త్రాలు. ఒకటి, రెండు, ఫైనల్.

మా ఆవిడ 2018 ఫిబ్రవరిలో పోయినది. పదమూడవ రోజు కార్డు ఆ దుకాణంలోనే అచ్చు వేయించాను. అచ్చయిన కార్డు నా బీరువాలో ఉన్నది. "ధర్మపత్ని", "స్వర్గస్థురాలైనందున", "బంధుమిత్ర సపరివారముగా" వంటి మాటలన్నీ సలక్షణంగా ఉన్నవి. శుభస్వీకారం అనరాదు, శుభస్వీకరణము అనాలని ఆ రోజు ఆ దుకాణంలో నిలబడి వాదించినట్టు కూడా గుర్తున్నది. పండితుడు దుఃఖంలో ఉన్నా సవరణలు మానడు. కాని మొదటి దస్త్రంలో ఏమున్నదో నాకు గుర్తు లేదు.

"మీరు నోటితో చెప్పారండి మాస్టారూ, నేను కొట్టుకుంటూ వెళ్ళాను. ప్రింటు చూసి, ఇది కాదని చించేశారండి" అన్నాడతడు. తెరిచి చూపించబోయాడు. ఆ రోజు చూడలేనని చెప్పి, మూడింటినీ నా పెన్‌డ్రైవులో వేయించుకున్నాను. తరువాత ఒంటరిగా చూసుకుందామనుకున్నాను. అతడు కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే హైదరాబాదుకు తరలిపోయాడు.

మరునాడు సాయంత్రం ఏడింటికి శుద్ధి మొదలుపెట్టాను. ఇటువంటి పని పెట్టుకున్నవారికి ఉపయోగపడుతుందని వివరంగా వ్రాస్తున్నాను. విండోస్ 10 సెట్టింగులలో రికవరీ అనే విభాగం ఉన్నది. అందులో యంత్రాన్ని రీసెట్ చేసే మార్గం ఉన్నది. అది మొదట మీ దస్త్రాలను ఉంచమంటారా, అన్నీ తీసివేయమంటారా అని అడుగుతుంది. అన్నీ తీసివేయమన్నా సరిపోదు. లోపల మార్పులు చేసుకొనే చోట రెండు ప్రశ్నలు దాగి ఉన్నవి. డిస్కును శుభ్రపరచాలా అన్నది ఒకటి. అన్ని డ్రైవులలోనివీ తీయాలా, విండోస్ ఉన్న డ్రైవు వరకేనా అన్నది రెండవది. మనవారు ముఖ్యమైనవన్నీ డి డ్రైవులో దాచుకుంటారు. రెండవ ప్రశ్నకు అవునని చెప్పకపోతే, ఇల్లంతా కడిగి కొట్టుగదిని వదిలివేసినట్టే. రెండింటికీ అవునన్నాను. శాతాలు నత్తనడకన పెరిగినవి. రాత్రి పన్నెండు దాటిన తరువాత, తెల్లవారినట్టు నీలిరంగు తెర వెలిగి, ఏ భాష కావాలని అడిగినది. విండోస్ అనుమతి సంకేతం కోసం నేను బెంగపడ్డాను గాని, అవసరం లేకపోయినది. అంతకుముందే అనుమతి పొందిన యంత్రాన్ని జాలానికి కలపగానే అదే గుర్తించినది.

యంత్రం నిజంగా ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్నది. ఆ ఖాళీతనం ఎంత సంపూర్ణమో మొదట తెలిసినది ఒక ఖతి వలన. పాత మిత్రులకు గుర్తుండే ఉంటుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి మనకు అందినది. అక్షరాలు సరిగా కూడుకోవాలంటే సీడీ పెట్టి, ఐ386 సంచయం చూపించి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టవలసి వచ్చేది. ఆ పని చేసిన రాత్రి క్ష, జ్ఞ, స్త్రీ తెరపై విడిపోకుండా నిలబడితే మేము పొందిన ఆనందం ఇంతా అంతా కాదు. దేశికాచారి గారి పోతన, వేమన ఖతులూ వచ్చినవి. ఇప్పుడు ఈ శుద్ధి అయిన విండోస్ 10లో చూస్తే నిర్మల ఉన్నది, గౌతమి లేదు! దానిని ఐచ్ఛిక ఖతుల మూటలోనికి నెట్టివేశారు. కావలసినవారు జాలం నుంచి దింపుకోవాలి. గోదావరి గట్టున కూర్చున్నవాని ఇంట గౌతమి లేకపోవడమా అని వెంటనే దింపుకున్నాను.

ఆ హుషారులో పెన్‌డ్రైవు పెట్టి, మొదటి దస్త్రం మీద రెండుసార్లు నొక్కాను. తెరుచుకోలేదు.

అది పేజ్‌మేకర్ దస్త్రం. ఆ ఉపకరణానికి 2001 నాటి ఏడవ సంచికే ఆఖరిది. అయినా మన అచ్చు దుకాణాలలో ఇన్నేళ్ళుగా అదే నడుస్తున్నది. దుకాణం యంత్రంలో అది ఉండేది, దానితోపాటు అచ్చు ఖతులూ ఉండేవి. రెండింటినీ నిన్న రాత్రి నా చేతులారా తుడిచివేశాను. వేరే ఉపకరణంతో బలవంతంగా తెరవబోతే ఆంగ్లాక్షరాలు, చుక్కలు, కొంకులు గుట్టగా పడినవి. వాటిలో మా ఆవిడ ఎక్కడ ఉన్నదో పోల్చుకోలేకపోయాను. దస్త్రాన్ని భద్రంగా దాచాను, దానిని చదివే కన్నును పోగొట్టాను. 1986 రిజిస్టరులో సిరా కారిపోయినది. ఇక్కడ సిరా చెక్కుచెదరలేదు, అక్షరమే కారిపోయినది. ఇందులో ఎవరి తప్పూ లేదు. యూనికోడు గురించి పదిమందికి ఉపన్యాసాలిచ్చిన నాకు ఈ ఆలోచన ముందే రావలసినది.

మిత్రులకు తెలిసినదే అయినా మరొకసారి చెప్పుకోవడంలో తప్పు లేదు. ఆ పాత అచ్చు ఖతులలో తెలుగు అక్షరం తెలుగు అక్షరంగా ఉండదు. ఆంగ్లాక్షరాల గదులలో తెలుగు బొమ్మలను కూర్చోబెడతారు. ఆ ఖతి ఉన్నంతవరకే అది తెలుగు. ఖతి పోతే వట్టి గజిబిజి. యూనికోడులో, 1991 నాటి మొదటి సంచిక నుంచీ, మన లిపికి సొంత గదులున్నవి. ఏ ఖతి వచ్చినా ఏ ఖతి పోయినా, అ అనే అక్షరం అ గానే ఉంటుంది. ఒకప్పుడు పత్రికల జాలపుటలను చదవడానికి నాగార్జున వెన్న గారి పద్మ అనే ఉపకరణాన్ని మనం వాడుకొనేవారము. అది ఈ బొమ్మల తెలుగును అక్షరాల తెలుగుగా మార్చేది. ఆ మేలు విలువ నాకు ఆ రాత్రి రెండింతలుగా తెలిసినది.

హైదరాబాదుకు ఫోను చేశాను. "కంగారు పడకండి మాస్టారూ, దేవీచౌక్ అవతల మా స్నేహితుడి దగ్గర అవన్నీ ఇంకా ఉన్నాయండి. నేను చెబుతానండి" అన్నాడు. మరునాడు పెన్‌డ్రైవు జేబులో వేసుకొని వెళ్ళాను. పాతికేళ్ళ కుర్రవాడు, శుభలేఖల కట్టల మధ్య నుంచి తలయెత్తి, దస్త్రం తీసుకొని నొక్కాడు. ఒక్క క్షణం. తెరుచుకున్నది.

కార్డు మూస లేదు, దీపం బొమ్మ లేదు. తెల్లని పుట మధ్య మూడు వాక్యాలు.

"మా ఆవిడ మొన్న రాత్రి వెళ్ళిపోయింది. పదమూడో రోజున మీరంతా రండి. వచ్చిన వాళ్ళకి కడుపునిండా పెట్టాలని ఎప్పుడూ అంటుండేది."

ధర్మపత్ని లేదు. స్వర్గస్థురాలు లేదు. ఆ మాటలు నేనే అన్నానా అని ఆశ్చర్యపోయాను. అనే ఉంటాను. అని, కాగితం మీద చూసి, పండితుని ఇంటి కార్డు ఇలా ఉండరాదని చించివేసి ఉంటాను. రెండవ దస్త్రంలో సగం సంస్కృతం వచ్చినది. ఫైనల్‌లో నేను లేను, ఆవిడా లేదు; వ్యాకరణం ఒక్కటే ఉన్నది. వందమందికి పంచినది ఆ కార్డునే.

కుర్రవాడు, "దీన్ని యూనికోడులోకి మార్చి ఇమ్మంటారా అండి?" అని అడిగాడు. వద్దన్నాను. ఒక కాగితం మీద అచ్చు తీయించుకొని, ఇచ్చిన డబ్బు అతడు తీసుకోకపోతే బల్ల మీద పెట్టి, ఇంటికి వచ్చాను. మేడమీదికి వెళ్ళి, శుద్ధి చేసిన ఆ యంత్రంలో, గౌతమి ఖతిలో, ఆ మూడు వాక్యాలనూ అక్షరం మార్చకుండా నా చేతులతో టైపు చేశాను. ఖాళీ పలక మీద నేను వ్రాసుకున్న మొదటి వ్రాత అదే. "వాళ్ళకి" అన్నచోట "వారికి" అని దిద్దడానికి వేలు లేచిన మాట నిజం. దిద్దలేదు.

ఈ పని పెట్టుకోబోయేవారికి నా అనుభవం మీద కొన్ని మాటలు. పాత యంత్రాన్ని అమ్మేవారు తామే శుద్ధి చేసి అమ్మడం ధర్మం; అది అమ్మిన వస్తువుతో పోయే పని కాదు. కొన్నవారు పరుల కాగితాలు కనిపిస్తే చదవకుండా, వీలైతే యజమానికి అప్పగించి, ఆ తరువాత నిశ్శేషంగా చెరపండి. చెరిపే ముందు దస్త్రాలను దాచుకుంటే చాలదు; అవి ఏ ఉపకరణంలో, ఏ ఖతిలో ఉన్నవో చూసి, అది ఇంకా బ్రతికి ఉన్నప్పుడే యూనికోడులోనికి మార్చుకోండి, ఒక కాగితం మీద అచ్చు కూడా తీసుకోండి. మీ ఊరి డి.టి.పి. దుకాణం మూతపడుతున్నదని తెలిస్తే వెంటనే వెళ్ళండి. అక్కడ మీ ఇంటి చరిత్ర ఎంత ఉన్నదో మీకు తెలియదు. విండోస్ 10 గడువు సంగతి అడిగేవారికి: నా విద్యార్థి నన్ను పొడిగింపు పథకంలో చేర్చాడు. అదీ ముగిసిన తరువాత లినక్సు వేస్తానంటున్నాడు. దానిలో తెలుగు చక్కగా కనిపిస్తుందని మాట తీసుకున్నాను.

ప్రకృతికి చేర్చడం యంత్రానికి సాధ్యమైనది. మనుష్యునికి కూడా అటువంటి స్థితి ఒకటి ఉంటుందా అని అడిగితే, ఉన్నదేమోనని ఈ మధ్యనే అనుమానం కలుగుతున్నది. అది నేను చదువుకున్న వ్యాకరణానికి ముందుది. 2018లో ఆ దుకాణం స్టూలు మీద కూర్చొని నోటితో చెప్పిన మూడు వాక్యాలంత ఉంటుంది.

కింద వ్యాఖ్యల పెట్టె తెరిచే ఉన్నది. మీ పాత యంత్రాలలో ఏమి మిగిలినదో, ఏమి పోయినదో వ్రాయండి.

సెలవు.